ఆరిన దీపం – ఆరని లోపం

(భిలాయి ఉక్కు నగరంలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పని చేసే చోట భద్రతను గురించి ప్రసంగించవలసినదిగా నిర్వాహకులు మమ్ములను కోరినారు. భద్రత అనగానే హెల్మెట్టు, చేతి తొడుగులు, గోడమీది నినాదాలు గుర్తుకు వస్తాయి. వాటిని గురించి ఈ నగరంలో పని చేసేవారికి కొత్తగా చెప్పవలసినది లేదు. మేము ఈనాడు ఒక చిన్న దీపాన్ని గురించి చెప్పదలచినాము. యంత్రాన్ని నడిపేవాని కళ్ళ ముందు ఒక్క క్షణం వెలిగి, నిదానించి చూసేలోగా ఆరిపోయే హెచ్చరిక దీపం అది.

వెలిగి నిలిచిన దీపంతో ఎవరికీ తగవు లేదు. బండి ఆపుతాము, కారణం వెదుకుతాము, బాగు చేస్తాము. ఎటొచ్చీ వెలిగి ఆరిపోయిన దీపమే చిక్కు తెచ్చిపెడుతుంది. చూసినవాడు చెబితే "ఏదీ, ఇప్పుడు వెలగడం లేదే" అంటారు. చెప్పకుండా ఊరుకుంటే, ప్రమాదం జరిగిన మరునాడు "ఎందుకు చెప్పలేదు" అంటారు. ఈ రెండు ప్రశ్నల నడుమ నలిగేవాడు ఉద్యోగి. అందువల్ల ఇది కేవలం విద్యుత్ పరికరాల విషయం కాదు, మన ఉద్యోగ జీవితానికి సంబంధించిన విషయం.

చిన్న విమానం ఎందుకు?

ఈ సంగతి వివరించడానికి మేము చిన్న విమానాన్ని ఉదాహరణగా తీసుకున్నాము. రైల్వేవారికీ తపాలావారికీ విమానంతో ఏమి పని అని మీరు అడగవచ్చును. తపాలా శాఖకు విమానంతో ఉన్న సంబంధం చాలా పాతది. 1911 ఫిబ్రవరి 18న ఆన్రీ పెకే అనే ఫ్రెంచి వైమానికుడు అలహాబాదునుంచి యమునకు ఆవలనున్న నైనికి సుమారు 6,500 ఉత్తరాలతో ఎగిరినాడు. ప్రపంచంలో ప్రభుత్వ తపాలా విమానంలో వెళ్ళడం అదే మొదలు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీనుంచి బొంబాయికి నడిపిన పస్ మాత్ కూడా చిన్న విమానమే. అందులో వచ్చినవి ఉత్తరాల సంచులే. 1949లో మొదలైన రాత్రి తపాలా విమానాలు ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులనుంచి బయలుదేరి, అర్ధరాత్రి నాగపూరులో కలుసుకొని, సంచులు మార్చుకొని, తెల్లవారేసరికి తిరిగి చేరుకునేవి. ఆ నాగపూరు మన భిలాయి పట్టాలమీదనే ఉన్నది. భిలాయికి ఉత్తరాన, ఉక్కు కర్మాగారానికి సున్నపురాయినిచ్చే నందిని గనుల దగ్గర చిన్న విమానాలు దిగే రన్‌వే ఉన్న సంగతి మీలో చాలామందికి తెలుసు.

అంతకన్న ముఖ్యమైన కారణం వేరొకటి ఉన్నది. రైలింజను నడిపేవాడు అవసరమైతే బండి ఆపి, దిగి చూడగలడు. విమానం నడిపేవానికి ఆ అవకాశం లేదు. అందుచేత విమానాల మరమ్మతుదారులు, ఉండి లేనట్టుండే లోపాల విషయంలో ఒక కట్టుదిట్టమైన పద్ధతిని ఏర్పరచుకున్నారు. ఆ పద్ధతి మన లోకో షెడ్డుకూ, సిగ్నల్ క్యాబినుకూ, ఆర్.ఎం.ఎస్. సార్టింగు బల్లకూ పనికివస్తుందని మా విశ్వాసం.

దీపం వెనుక ఏమున్నది?

మన దేశంలో శిక్షణకు ఎక్కువగా వాడే విమానాలలో సెస్నా 172 ఒకటి. నాలుగు సీట్లు, నాలుగు సిలిండర్ల లైకమింగ్ ఇంజను, ముందు ఒక ప్రొపెల్లరు. 1990ల చివర వచ్చిన నమూనాలలో పైలటు ఎదుట హెచ్చరిక దీపాల పలక ఒకటి అమర్చినారు. ఆయిల్ ప్రెషరు చదరపు అంగుళానికి 20 పౌండ్లకన్న తగ్గితే ఎర్రదీపం వెలుగుతుంది. 28 వోల్టుల విద్యుత్ వ్యవస్థలో వోల్టేజి 24.5కు దిగితే ఇంకొక ఎర్రదీపం వెలుగుతుంది. పెట్రోలు ట్యాంకులో అయిదు గ్యాలన్లకన్న తక్కువ మిగిలితే పసుపుదీపం వెలుగుతుంది.

ఇక్కడ ఒక విశేషం గమనించండి. పెట్రోలు దీపం వెంటనే వెలగదు. ఇంధనమట్టం అరవై సెకన్లకు పైగా ఆ హద్దుకు దిగువన ఉంటేనే వెలుగుతుంది. విమానం ఒరిగినపుడల్లా ట్యాంకులో పెట్రోలు అటూ ఇటూ కదులుతుంది. కదిలినపుడల్లా దీపం వెలిగితే పైలటు కొన్నాళ్ళకు దానిని లెక్కచేయడం మానేస్తాడు. అందుకని తయారుచేసినవారే ఆ నిమిషం వ్యవధి పెట్టినారు. అంటే, పనిలేని మినుకు మనిషి నమ్మకాన్ని చెడగొడుతుందని వారికి ముందే తెలుసునన్నమాట. అంత ఆలోచించి పెట్టిన దీపం కూడా మినుకుమంటున్నదంటే, అది ఏదో చెబుతున్నదనే అనుకోవాలి.

మరొక విశేషం. ఆయిల్ ప్రెషరు దీపానికి ఒక స్విచ్చి ఉంటుంది. ప్రెషరు చూపే సూదికి వేరే సెన్సరు ఉంటుంది. ఒకే విషయానికి ఇద్దరు సాక్షులన్నమాట. ఒక సాక్షి తడబడినపుడు రెండవ సాక్షిని అడగాలి.

మూడు రకాల మినుకు

మినుకుమనే దీపాలన్నీ ఒకటి కావు. మేము వాటిని మూడు రకాలుగా విడదీసి చూస్తాము.

మొదటిది హద్దుమీది మినుకు. ఇందులో దీపం తప్పు చెప్పడం లేదు. ప్రెషరు నిజంగానే హద్దు దగ్గర ఊగుతున్నది. ఎండలో గంటన్నర ఎగిరిన ఇంజనులో ఆయిలు వేడెక్కి పలుచబడుతుంది. దిగిన తరువాత ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నపుడు పంపు కూడా నెమ్మదిగా తిరుగుతుంది. ప్రెషరు సహజంగానే తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజనులో అది 20కి పైననే నిలుస్తుంది. బేరింగులు అరిగినా, రిలీఫ్ వాల్వులో మురికి చేరినా, ఆయిలు తగ్గినా, అది 20కి అటూ ఇటూ ఊగుతుంది. ఇంజను వేగం పెంచగానే దీపం ఆరుతుంది. ఆరినది దీపమే గాని బేరింగు అరుగుదల కాదు.

రెండవది దారిలోని మినుకు. ప్రెషరు బాగుగనే ఉన్నది, కాని వార్త తెచ్చే తీగ గాని, కనెక్టరు గాని, స్విచ్చి గాని తడబడుతున్నది. ఇంజను అదురుకు తీగ తొడుగు ఒరిసిపోయి రాగి బయటపడవచ్చు. క్రింపు వదులు కావచ్చు. పిన్నులమీద కంటికి కనిపించని తుప్పుపొర ఏర్పడవచ్చు. మన ఇళ్ళలో స్విచ్చిని తట్టితే వెలిగే ట్యూబులైటు సంగతే ఇది.

మూడవది ఉమ్మడి మినుకు. సంబంధంలేని రెండు మూడు దీపాలు ఒకేసారి మినుకుమంటాయి. అప్పుడు ఒక్కొక్క పరికరాన్నీ విప్పి చూడడం వృథా శ్రమ. వాటన్నిటికీ ఉమ్మడిగా ఏమున్నదో చూడాలి. ఒకే ఎర్తు బోల్టు కావచ్చు, ఒకే సరఫరా కావచ్చు, ఒకే కనెక్టరు కావచ్చు.

ఈ మూడవ రకాన్ని తేలికగా తీసుకోరాదని 2007 మార్చిలో జర్మనీలోని స్పేయరు పట్టణంలో తెలిసివచ్చినది. రెండింజన్ల డైమండ్ డి.ఎ. 42 అనే చిన్న విమానం బ్యాటరీ చచ్చి ఉండగా, బయటి కరెంటుతో ఇంజన్లు రెండూ స్టార్టు చేసి బయలుదేరినారు. ఆ విధంగా చేయరాదని విమానపు పుస్తకంలోనే ఉన్నది. గాలిలోకి లేచి చక్రాలు లోపలికి ముడిచే సమయాన మోటారు కరెంటును గుంజుకున్నది. సరఫరా వోల్టేజి క్షణకాలం పడిపోయినది. ఇంజన్లను నడిపే కంప్యూటర్లు తిరిగి మొదటినుంచి ఆరంభమైనవి. రెండు ఇంజన్లూ ఒకేసారి శక్తిని కోల్పోయినవి. విమానం రన్‌వే దాటి నేలకు దిగవలసి వచ్చినది. రెండు ఇంజన్లు ఉన్నవిగదా, ఒకటి పోయినా మరొకటి ఉంటుందిగదా అన్న ధీమా, రెంటికీ విద్యుత్ ఆధారం ఒకటే అయినచోట పనికిరాలేదు. క్షణకాలపు లోపం గనుక చిన్న లోపమని అనుకోరాదు.

వెదికే పద్ధతి

ఇప్పుడు పని ఎట్లా సాగాలో చూద్దాము. శిక్షణ విమానం ఒకటి మధ్యాహ్నపుటెండలో ఎగిరి దిగినదనుకుందాము. రన్‌వే వదిలి నెమ్మదిగా వస్తుండగా ఆయిల్ ప్రెషరు దీపం రెండుసార్లు మినుకుమని ఆరినది. షెడ్డుకు వచ్చేసరికి ఏమీ లేదు. ఏమి చేయాలి?

మొట్టమొదట చేయవలసినది స్పానరు పట్టుకోవడం కాదు, ప్రశ్నలు వేయడం. ఏ సమయంలో వెలిగినది? ఇంజను ఎంత వేగంతో తిరుగుతున్నది? ఆయిలు ఎంత వేడిగా ఉన్నది? ఎంతసేపు వెలిగినది? ఆ క్షణాన సూది ఎక్కడ ఉన్నది? లైట్లు, రేడియో, పంపు, వీటిలో ఏవి నడుస్తున్నవి? బ్రేకు వేసినపుడా, మలుపు తిరిగినపుడా? ఈ సమాధానాలన్నీ మాటలుగా గాక లాగ్‌బుక్కులో అక్షరాలుగా ఉండాలి. "ఆయిల్ లైటు ప్రాబ్లం" అని రెండు ముక్కలు రాస్తే మరమ్మతు చేసేవాడు చీకట్లో తడుములాడవలసి వస్తుంది.

రెండవది, ఇంజను క్షేమం ముందు, తీగ తరువాత. ఆయిలు ఎంత ఉన్నదో కొలపుల్లతో చూడాలి. కారుడు ఉన్నదేమో చూడాలి. ఆ తరువాత నేరుగా చదివే వేరొక గేజిని తగిలించి, ఇంజనును మళ్ళీ అదే వేడికి తెచ్చి, అదే నెమ్మది వేగంతో నడిపి చూడాలి. చల్లని ఇంజనులో ప్రెషరు బాగున్నదని సంతకం పెట్టడం, జ్వరం రాత్రి వచ్చే రోగిని పగలు చూసి ఏమీ లేదన్నట్టుంటుంది. గేజి కూడా తక్కువ చూపితే సమస్య దీపానిది కాదు, ఇంజనుది. ఇక తీగల జోలికి పోనక్కరలేదు.

మూడవది, గేజి స్థిరంగా ఉంటే అప్పుడు దారిని పరీక్షించాలి. ఇక్కడ చాలామంది చేసే పని ఒకటి ఉన్నది. కనెక్టరు ఊడదీసి, తుడిచి, మళ్ళీ బిగించి "అయిపోయినది" అంటారు. ఊడదీసిన క్షణంలోనే సాక్ష్యం చెరిగిపోయినది. పిన్ను వదులో, తుప్పో, క్రింపు లోపమో ఇక తెలియదు. కొన్ని రోజులు దీపం వెలగదు, మళ్ళీ వెలుగుతుంది. అందుచేత కదపకముందే కంటితో చూడాలి. ఇంజనుకూ పైలటు గదికీ మధ్యనున్న రేకు గోడను తీగలు దాటేచోట, క్లాంపులు పట్టినచోట, పొగగొట్టం దగ్గర, తీగ వంపు తిరిగినచోట ముందుగా చూడాలి. తరువాత మీటరు తగిలించి ఉంచి, తీగల కట్టను జానెడు జానెడుగా మెల్లగా కదుపుతూ పోవాలి. ఎక్కడ కదిపితే మీటరు ఉలిక్కిపడుతుందో లోపం అక్కడికి దగ్గరలో ఉన్నది.

మీటరును కూడా గుడ్డిగా నమ్మరాదు. పందొమ్మిది పోగుల తీగలో పద్దెనిమిది తెగి ఒక్కటి మిగిలినా, కరెంటు పారనపుడు మీటరు "దారి ఉన్నది" అనే చెబుతుంది. ఒక్క మనిషి దాటగలిగిన వంతెనమీద లారీ దాటగలదని చెప్పినట్టు ఉంటుందది. కనుక కరెంటు పారుతుండగా, ఒక కొననుంచి మరొక కొనకు వోల్టేజి ఎంత పడిపోతున్నదో కొలవాలి.

నాలుగవది, ఒక్కసారికి ఒక్క మార్పే. స్విచ్చి, కనెక్టరు, తీగ మూడూ ఒకేసారి మార్చితే దీపం ఆరవచ్చు, కాని ఏది చెడ్డదో తెలియదు. తెలియనపుడు అదే లోపం తక్కిన విమానాలలో ఉన్నదో లేదో కూడా తెలియదు.

అయిదవది, లోపం తిరిగి రప్పించి చూడకుండా పోయినదని రాయరాదు. ఏ వేడిలో, ఏ వేగంలో దీపం మినుకుమన్నదో అదే పరిస్థితిలో నిలిపి, అప్పుడూ మినుకుమనకపోతేనే లైసెన్సు గల ఇంజనీరు సంతకం పెట్టాలి.

మరి ఆకాశంలో ఉన్నపుడే దీపం మినుకుమంటే? అప్పుడు వెదుకులాట పనికిరాదు. దీపంతోబాటు సూది పడిపోతూ ఆయిలు వేడి పెరుగుతుంటే ఇంజను ఆగిపోనున్నదని భావించి, శక్తి తగ్గించి, దిగడానికి అనువైన చోటు చూసుకోవాలి. వేడి మామూలుగా ఉంటే గేజియో వాల్వో చెడి ఉండవచ్చు. అయినప్పటికీ సమీప విమానాశ్రయంలో దిగి చూపించుకోవాలి. మన శిక్షణ సంస్థలలో వాడే డైమండ్ డి.ఎ. 40 డీజిలు విమానపు పుస్తకంలో ఇంకొక మంచి నియమం ఉన్నది. దానికి ఇంజను కంప్యూటర్లు రెండు. ఒకదాని హెచ్చరిక వస్తే పరీక్ష బొత్తాన్ని రెండు సెకన్లకుపైగా నొక్కి చూడాలి. హెచ్చరిక పోకపోతే దగ్గరలోని విమానాశ్రయంలో దిగాలి. పోతే ప్రయాణం కొనసాగించవచ్చు. కాని రెండు సందర్భాలలోనూ, దిగిన తరువాత ఇంజనును మరమ్మతుదారులు చూడవలసిందే. దీపం ఆరినంత మాత్రాన లోపం తీరినట్టు కాదన్న మాటను ఆ పుస్తకం నియమంగా పెట్టినది. మేము ఈనాడు మీకు మనవి చేయదలచిన ముఖ్య విషయం అదే.

చూపు దీపానికి అంటుకుపోతే

దీపాన్ని లెక్కచేయకపోవడం ఒక ప్రమాదం. దీపంలోనే మునిగిపోవడం రెండవ ప్రమాదం. 1972 డిసెంబరు 29 రాత్రి అమెరికాలోని మయామీ దగ్గర ఈస్టర్న్ ఎయిర్‌లైన్సు వారి పెద్ద విమానం దిగబోతుండగా, ముందు చక్రం సరిగా దిగినదని తెలిపే దీపం వెలగలేదు. చక్రం దిగే ఉన్నది. బల్బులు కాలిపోయినవి. అంతే లోపం. కాక్‌పిట్టులోని అనుభవజ్ఞులందరూ ఆ బల్బు వ్యవహారంలో మునిగిపోయినారు. ఆ సమయంలో ఎత్తును నిలిపే యంత్రం విడిపోయి విమానం మెల్లగా కిందికి జారుతున్న సంగతి ఎవరూ గమనించలేదు. ఎత్తు తగ్గుతున్నదని మోగిన గంట వారి చెవికి సోకలేదు. 101 మంది మరణించినారు. ఒకరు దీపాన్ని చూస్తే మరొకరు విమానాన్ని నడపాలన్న పాఠం ఆనాటినుంచి ప్రపంచమంతటా పైలట్లకు నేర్పుతున్నారు.

మన తెలుగునేల కూడా ఈ విషయంలో ఒక దుఃఖాన్ని చవిచూచినది. 2009 సెప్టెంబరు 2న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టరు బేగంపేటనుంచి చిత్తూరు జిల్లాకు వెళ్తూ నల్లమల అడవిలో పావురాలగుట్ట దగ్గర కూలిపోయినది. ఆయనతోబాటు మరి నలుగురు మరణించినారు. ఉరుములమేఘం దగ్గర తీవ్రమైన దిగుడుగాలిలో చిక్కుకొని అదుపు తప్పడం ప్రమాదానికి కారణమని విచారణ సంఘం తేల్చినది. ఆ చివరి ఘట్టంలో దాదాపు ఆరు నిమిషాలపాటు సిబ్బంది దృష్టి ట్రాన్స్‌మిషను ఆయిలు వ్యవస్థమీదనే ఉన్నదనీ, అందుకు తగిన పుటకోసం వారు అత్యవసర సూచనల పుస్తకం తిరగవేస్తూ ఉన్నారనీ కాక్‌పిట్టు సంభాషణల రికార్డులో తేలినది. ఆ ఆయిలు వ్యవస్థ ప్రమాదానికి మూలమని సంఘం చెప్పలేదు. ఎదుట వాతావరణం చెడుతున్న వేళ ఒక సందేహం వారి దృష్టిని లాగివేసినది.

చనిపోయినవారిని నిందించడానికి మేము ఈ మాట చెప్పడం లేదు. ఆ స్థానంలో ఎవరున్నా అదే జరిగియుండవచ్చు. ఆపత్సమయంలో పుట దొరకని పుస్తకం ఉద్యోగి తప్పు కాదు. పుస్తకం రాసినవారూ, దానిమీద శిక్షణ ఇచ్చేవారూ ఆలోచించవలసిన విషయమది.

మన పట్టాలమీద, మన కర్మాగారంలో

ఇంతవరకూ ఆకాశంలో తిరిగినాము. ఇక మన పనిచోటుకు వద్దాము. ఇక్కడి విద్యుత్ లోకో షెడ్డులో పని చేసిన సోదరులకు పాత తరహా ఇంజన్లలోని ఎల్.ఎస్.డి.జె., ఎల్.ఎస్.సి.హెచ్.బి.ఎ., ఎల్.ఎస్.ఆర్.ఎస్.ఐ. దీపాలు పరిచయమే. ట్రాక్షను సర్క్యూట్లో ఎక్కడైనా తీగ ఇంజను శరీరానికి తగిలితే క్యు.ఓ.పి. రిలే పనిచేసి డి.జె.ను తెరుస్తుంది. లోపం దొరకక, సెక్షను ఖాళీ చేయవలసి వచ్చినపుడు హెచ్.క్యు.ఓ.పి. స్విచ్చిని తిప్పి ఆ రిలేను పక్కకు పెట్టే వీలు ఉన్నది. కాని ట్రబుల్ షూటింగ్ డైరెక్టరీ దానితోబాటే ఇంకొక మాట చెబుతుంది. ఆ తరువాత పొగ, మంట ఏమైనా ఉన్నవేమో ఇంజనును గమనిస్తూ పోవాలి. అంటే, హెచ్చరించే పరికరాన్ని పక్కకు పెట్టిన క్షణంనుంచి ఆ పరికరం పని మనిషి చేయాలి. ఆ బాధ్యత షెడ్డుకు చేరేదాకా మాత్రమే. స్విచ్చిని తిప్పిన సంగతి లాగ్‌బుక్కులోకి ఎక్కకపోతే తరువాతి సిబ్బంది కాపలా లేని ఇంజనును కాపలా ఉన్నదనుకొని నడుపుతారు.

ఒక హెచ్చరిక అన్నివేళలా దీపం రూపంలోనే రాదు. ఇదివరకు జరిగిన ఒక చిన్న సంఘటన కూడా హెచ్చరికే. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్ స్టేషనులో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో 290 మందికి పైగా మరణించినారు. అందులో మన తెలుగువారు ఎక్కే బండి ఎంత ముఖ్యమైనదో మీకు చెప్పనక్కరలేదు. సిగ్నలు సర్క్యూట్లలో జరిగిన తప్పు వైరింగు దానికి కారణమని రైల్వే భద్రతా కమిషనరు నివేదిక తెలిపినది. అదే ఖరగ్‌పూర్ డివిజనులో బాంక్రానయాబాజ్ స్టేషను దగ్గర 2022 మే 16న తప్పు వైరింగు వల్లనే అటువంటి ఘటన జరిగినదనీ, అప్పుడే సరిదిద్ది ఉంటే బహనాగా ప్రమాదం జరిగియుండేది కాదనీ అదే నివేదిక చెప్పినది. 2022లో దీపం ఒకసారి మినుకుమన్నది. ఎవరూ చావలేదు గనుక అది ఆరిపోయినదని అనుకున్నారు.

ఈ ఉక్కు నగరానికి 2014 జూన్ 12 గుర్తే. పంపుహౌసులో వైఫల్యం ఏర్పడి నీటి ప్రెషరు పడిపోగా, బ్లాస్టు ఫర్నేసు వాయువును శుద్ధిచేసే చోటునుంచి కార్బన్ మోనాక్సైడు వెలువడి ఆరుగురు మరణించినారు. వారిలో ఇద్దరు ఉన్నతాధికారులు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. చిన్న విమానంలో చలికి పైలటు గదిని వెచ్చబరచేది పొగగొట్టం చుట్టూ తిరిగి వచ్చే గాలే. గొట్టం బీటవేస్తే అదే వాయువు గదిలోకి వస్తుంది. ఫర్నేసు దగ్గరైనా విమానంలోనైనా మనిషి కన్ను, ముక్కు పనికిరానిచోట పరికరం ఒక్కటే మనకు దిక్కు. అట్టి పరికరం ఒక్కసారి తడబడినా దానిని వదిలిపెట్టరాదు.

తపాలా సోదరులకు ఈ విద్య కొత్తది కాదు. ఏదో ఒక ఊరి సంచి నెలకొకసారి దారి తప్పుతుంది. ఆ రోజు అడిగితే అందరి పనీ సరిగానే ఉంటుంది. ఎర్రర్ బుక్కు తీసి, ఏ తేదీన, ఏ సెక్షనులో, ఏ సెట్టులో తప్పినదో ఒక్కచోట చేర్చి చూస్తే కారణం బయటపడుతుంది. ఒక్క ఎంట్రీ ఏమీ చెప్పదు. పది ఎంట్రీలు కలిపితే సమాధానం దొరుకుతుంది. లాగ్‌బుక్కు ప్రయోజనం కూడా సరిగ్గా ఇదే.

"లోపం కనబడలేదు"

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాము. మినుకుమన్న దీపాన్ని గురించి రాసిన ఎంట్రీకి ఎదురుగా సాధారణంగా మూడు మాటలు కనబడతాయి: "పరీక్షించినాము. లోపం కనబడలేదు." ఈ మాటలు అబద్ధం కాకపోవచ్చు. కాని "లోపం కనబడలేదు" వేరు, "లోపం లేదు" వేరు. మొదటిది వెదికినవాని అనుభవం. రెండవది యంత్రం స్థితి. మొదటిదానిని రెండవదిగా చదవడంలోనే ప్రమాదం ఉన్నది.

అట్లా చదివినపుడు ఇంకొక అన్యాయం కూడా జరుగుతుంది. మూడుసార్లు రాసి మూడుసార్లూ "కనబడలేదు" అనిపించుకున్న ఉద్యోగికి "ఊరకే పేచీ పెట్టేవాడు" అన్న పేరు వస్తుంది. బండి ఆలస్యానికి సంజాయిషీ అడుగుతారు. నాలుగవసారి దీపం మినుకుమన్నపుడు అతడు రాయడు. ఆనాడు ఆ యంత్రం ఒక దీపాన్నే కాక ఒక మనిషిని కూడా పోగొట్టుకున్నది. దీపాన్ని మార్చవచ్చు. నోరు మూసుకున్న మనిషిని తిరిగి మాట్లాడించడం అంత సులభం కాదు.

మరమ్మతు చేసేవాని బాధ కూడా మేము ఎరుగుదుము. స్థిరమైన లోపం గంటలో దొరుకుతుంది. ఉండి లేనట్టుండే లోపానికి ఒక షిఫ్టు పట్టవచ్చు, మూడు షిఫ్టులు పట్టవచ్చు. ఆ సమయం ఇవ్వకుండా, సాయంత్రానికి ఇంజను బయటికి పంపవలసిందేనని నిలబడితే, కనెక్టరు తుడిచి బిగించడం తప్ప అతడు చేయగలిగినది ఏమీ లేదు. రన్నింగు సిబ్బందికీ షెడ్డు సిబ్బందికీ మధ్య ఈ విషయంలో తగవు పెట్టుకోవడం తగదు. ఇద్దరికీ కావలసినది ఒకటే: వెదకడానికి సమయం.

కనుక మేము నాలుగు విషయాలు మీ ముందు ఉంచుతున్నాము. ఒకటి, క్షణం వెలిగి ఆరిన హెచ్చరికనైనా సమయం, వేగం, వేడి, తక్కిన సూచికల వివరాలతో తప్పక రాద్దాము. రెండు, లోపం కనబడనపుడు ఏ పరీక్ష, ఏ పరిస్థితిలో చేసినారో కూడా రాయవలసినదిగా కోరుదాము. మూడు, అదే లోపం మళ్ళీ వస్తే దానిని కొత్త ఎంట్రీగా గాక పాత లోపానికి కొనసాగింపుగా తీసుకొని, మూలం దొరికేదాకా తెరచి ఉంచాలని అడుగుదాము. నాలుగు, ఇట్లా రాసినందుకు ఏ ఉద్యోగినీ సంజాయిషీ అడగరాదని, వెదకడానికి తగిన సమయమూ మనుషులూ ఇవ్వాలని మన సంఘాల ద్వారా పట్టుబడదాము.

వీటిలో మొదటిదానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఈ రాత్రి డ్యూటీనుంచే మనము మొదలుపెట్టవచ్చు. తక్కిన మూడూ ఐక్యంగా అడిగి సాధించుకోవలసినవి. మొదటిది మనము నిజాయితీగా చేస్తేనే తక్కిన మూడూ అడిగే బలం మనకు వస్తుంది. మన లాగ్‌బుక్కులలో, ఎర్రర్ బుక్కులలో ఉన్న అక్షరమే రేపు బల్లకు అటుపక్క కూర్చున్నవారి ముందు మన సాక్ష్యం.